పాత సిస్టమ్‌ని పారేయొద్దు.. కెర్నల్‌ని కాస్త కదిలించి చూడండి!

నరసరావుపేట, గురజాల, మాచర్ల.. ఏ ఊరైనా చాలా ఇళ్లల్లో హాల్లో ఓ మూలన డెస్క్‌టాప్ ఒకటి కనపడుద్ది. అన్నయ్య ఇంజినీరింగ్‌లో చేరిన ఏడాది కొన్నది. 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్. పైన పూల గుడ్డ కప్పి ఉంటది. ఎందుకు వాడట్లేదని అడిగితే, "ఆన్ చేసి అన్నం తినొచ్చినా ఇంకా గిర్రున తిరుగుతానే ఉంటది" అంటారు.

ఇప్పుడు దానికి ఇంకో చిక్కొచ్చి పడింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 కావాలి. ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం ప్రాసెసర్, ఆపైది ఉండాలి. ఆ పాత ఐ3 దగ్గర అవెక్కడివి? కొత్తది కొనాలంటే ఈసారి మిర్చి రేటు బాగుండాలి. ఈలోపు నోటిఫికేషన్లు వస్తాయి, అప్లికేషన్లు పెట్టాలి, ప్రాజెక్టు రిపోర్టు టైప్ చేయాలి. అన్నీ ఐదంగుళాల ఫోన్ మీదే చేయాలంటే కళ్లు పోతాయి.

అందుకే చాలామంది లినక్స్ వైపు చూస్తున్నారు. ఉచితం, పాత మిషన్ల మీద కూడా నడుస్తుంది. కానీ లినక్స్ వేసినా బ్రౌజర్లో పది ట్యాబులు తెరిస్తే 4 జీబీ సిస్టమ్ బిగుసుకుపోవచ్చు. అక్కడే కెర్నల్ సెట్టింగుల సంగతి మొదలవుతుంది. యూట్యూబ్‌లో "ఈ 15 సెట్టింగులు మారిస్తే రాకెట్టే" అనే వీడియోలకు కొదవ లేదు. నిజానికి మార్చాల్సినవి మూడో నాలుగో. అవి కూడా జబ్బేందో తెలుసుకున్నాకే!

కెర్నల్ అంటే మన కాలువ లస్కరే

సాగర్ కుడికాలువ మీద లస్కర్లు ఉంటారు. ఏ తూము ఎప్పుడు ఎత్తాలి, ఎవరి వంతు ఎంతసేపు అనేది చూసేది వాళ్లే. కంప్యూటర్లో ఆ పని కెర్నల్‌ది. ప్రాసెసర్ సమయం, మెమరీ, డిస్క్.. ఈ మూడింటినీ ప్రోగ్రాములకు పంచుతుంది. లస్కరు ఎంత తెలివైనోడైనా డ్యామ్‌లో లేని నీళ్లు తేలేడు. కెర్నల్ కూడా అంతే. 4 జీబీని 8 జీబీ చేయలేదు. ఉన్నదాన్ని వృథా కాకుండా చూడగలదు, చివరి ఆయకట్టు ఎండిపోకుండా కాపాడగలదు.

1991 ఆగస్టు 25న ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తన కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ గురించి లోకానికి చెప్పాడు. అదే లినక్స్. మీ చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్‌కి కూడా గుండెకాయ ఆ కెర్నలే. కాకపోతే ఫోన్లో ఆ మీటలు కంపెనీ దగ్గరుంటాయి. డెస్క్‌టాప్‌లో మన చేతికే వస్తాయి.

ముందు నాడి చూడండి

టెర్మినల్ తెరిచి వీఎంస్టాట్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి, పక్కన ఒక ఖాళీ వదిలి 1 కొట్టండి. సెకనుకో వరుస వస్తుంది. మొదటి వరుసను వదిలేయండి, అది సిస్టమ్ ఆన్ అయినప్పటి నుంచి తీసిన సగటు. ఇప్పుడు మీరు రోజూ చేసే పనే చేయండి. బ్రౌజర్, వాట్సాప్ వెబ్, ఓ పీడీఎఫ్ తెరవండి. సిస్టమ్ బిగుసుకున్నప్పుడు ఏ అంకెలు పెరిగాయో చూడండి.

ఎస్ఐ, ఎస్ఓ అనే నిలువు వరుసల్లో అంకెలు ఆగకుండా వస్తుంటే మెమరీ చాలట్లేదని అర్థం. ఆ రెండూ సున్నా ఉండి, డబ్ల్యూఏ ఎక్కువగా ఉంటే డిస్క్ దగ్గర క్యూ కట్టారు. ఇవేమీ లేకుండా ప్రాసెసర్ ఒక్కటే నూటికి నూరు చూపిస్తుంటే ప్రాసెసర్‌కి తలకు మించిన పని ఉన్నట్టు, లేదా అది వేడెక్కి నెమ్మదించినట్టు. మూడు జబ్బులకు మూడు మందులు. ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు.

మెమరీ చాలకపోతే: కల్లం, కోల్డ్ స్టోరేజీ

ర్యామ్ అంటే మన మిర్చి కల్లం అనుకోండి. సరుకు కళ్ల ముందే ఉంటది, చెయ్యి చాపితే అందుద్ది. కల్లం నిండితే సరుకు గుంటూరు కోల్డ్ స్టోరేజీకి పోవాలి. డిస్క్ మీద ఉండే స్వాప్ అదే. అక్కడి నుంచి తిరిగి తేవాలంటే లారీ, హమాలీ, టైము.

ఎంత టైము? మామూలు హార్డ్‌డిస్క్ నిమిషానికి 7,200 చుట్లు తిరుగుతుంది. అంటే ఒక్క చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. దానిపైన సూది కదలాల్సిన సమయం అదనం. ర్యామ్‌లో అదే పని సెకనులో కోటో వంతులో అయిపోతుంది. తేడా సుమారు లక్ష రెట్లు! సిస్టమ్ "హ్యాంగ్ అయింది" అని మనం తిట్టుకునేటప్పుడు పాపం అది చాలాసార్లు లారీ కోసం ఎదురుచూస్తుంటది.

ఇక్కడ పనికొచ్చేది జెడ్‌ర్యామ్. కల్లంలో పరిచిన మిరపకాయలు ఎంత జాగా తింటాయి? వాటినే తొక్కి టిక్కీల్లో కుడితే అదే కల్లంలో ఓ మూలకు సర్దుకుంటాయి. జెడ్‌ర్యామ్ చేసేది అదే. అప్పటికి వాడని డేటాను డిస్క్‌కి పంపకుండా ర్యామ్‌లోనే కుదించి పెడుతుంది. టిక్కీ విప్పడానికి ప్రాసెసర్‌కి కాస్త పని తప్పదు, అయినా గుంటూరు పోయొచ్చేదాని కంటే ఎంతో నయం. 2014లో ఇది లినక్స్ ప్రధాన కెర్నల్లోకి వచ్చింది. ఫెడోరా 2020లో తన 33వ వెర్షన్‌తో దీన్నే డిఫాల్ట్ స్వాప్‌గా పెట్టింది. ఆండ్రాయిడ్ ఫోన్లు కూడా దీన్ని వాడతాయి.

4 జీబీ ఉన్నవాళ్లు 2 జీబీ జెడ్‌ర్యామ్‌తో మొదలుపెట్టొచ్చు. ఉబుంటు, డెబియన్‌లలో జెడ్‌ర్యామ్ టూల్స్ అనే ప్యాకేజీ వేసుకుని, దాని సెట్టింగుల్లో ఈ సైజు పెట్టుకోవాలి. డేటా సగానికి కుదిరిందనుకుంటే ఆ 2 జీబీ సరుకు 1 జీబీలో పడుతుంది. అంటే మీ 4 జీబీ సుమారు 5 జీబీలా నడుస్తుంది. మాయేమీ లేదు, కూడికలు తీసివేతలే.

ఇక్కడో మాట. ఫోన్ల ప్రకటనల్లో "4 + 4 జీబీ వర్చువల్ ర్యామ్" అని చూస్తుంటారుగా! అది ఎక్కువగా స్టోరేజీలో కొంత భాగాన్ని స్వాప్‌గా వాడటమే. టిక్కీ కుట్టడం కాదు, కోల్డ్ స్టోరేజీలో గది అద్దెకు తీసుకోవడం.

స్వాపీనెస్ గురించి ఓ అపోహ

అందరూ చెప్పే చిట్కా ఇది: "స్వాపీనెస్ 60 ఉంటది, 10 చేసేయ్." 60 అంటే ర్యామ్ 60 శాతం నిండగానే స్వాప్ మొదలవుతుందని చాలామంది నమ్మకం. అది తప్పు. ర్యామ్‌లో రెండు రకాల సరుకుంటది. ఒకటి, ప్రోగ్రాములు సొంతంగా తయారుచేసుకున్న డేటా. దీనికి డిస్క్‌లో నకలు ఉండదు. రెండోది, ఫైళ్ల నుంచి చదివి పెట్టుకున్నది. దీనికి డిస్క్‌లో అసలు ఉంటది కాబట్టి పారేసినా మళ్లీ చదువుకోవచ్చు. చోటు చాలనప్పుడు ఈ రెండింట్లో దేన్ని ముందు కదిలించాలో కెర్నల్‌కి చెప్పే మొగ్గే స్వాపీనెస్.

బాగా తగ్గించేస్తే ఏమయిద్ది? కెర్నల్ ఫైళ్ల సరుకునే బయటికి నెడుతుంది. మీ బ్రౌజర్ ప్రోగ్రాము కూడా ఆ సరుకులోదే! పారేయడం, మరుక్షణం డిస్క్ నుంచి మళ్లీ చదవడం.. ఇదే తంతు. స్వాప్ తగ్గింది, హ్యాంగ్ మాత్రం పెరిగింది.

2020లో వచ్చిన 5.8 కెర్నల్ నుంచి ఈ విలువ 0 నుంచి 200 దాకా పెట్టుకోవచ్చు. 100 అంటే రెండు వైపులా ఖర్చు సమానం అని లెక్క. డిస్క్ స్వాప్ ఒక్కటే ఉంటే 60ని కదిలించక్కర్లేదు. జెడ్‌ర్యామ్ పెట్టుకున్నవాళ్లకు స్వాప్ చవక కాబట్టి 100 కంటే పైకి పోవచ్చని కెర్నల్ పత్రాలే చెబుతున్నాయి. 100 పెట్టి రెండ్రోజులు చూడండి, ఆ తర్వాత 130 చేసి పోల్చుకోండి. దాంతోపాటు పేజ్ క్లస్టర్ అనే విలువను 3 నుంచి 0 చేయండి. 3 ఉంటే స్వాప్ నుంచి ఒకేసారి 8 పేజీలు చదువుతుంది. తిరిగే డిస్క్‌కి అది లాభం, జెడ్‌ర్యామ్‌కి దండగ.

పెన్‌డ్రైవ్ దగ్గర ఆగిపోతే

పెన్‌డ్రైవ్‌లోకి సినిమా కాపీ కొట్టారు. నిమిషంలో 100 శాతం చూపించింది. తీయబోతే "ఆగండి" అంటుంది, ఎంతకీ వదలదు. ఆ టైములో మిగతా పనులూ నత్తనడకే. కారణం ఏంటంటే, రాయాల్సిన డేటాను కెర్నల్ ముందు ర్యామ్‌లో పోగేసుకుని, తర్వాత తీరిగ్గా రాస్తుంది. డర్టీ రేషియో 20 అంటే అందుబాటులో ఉన్న మెమరీలో 20 శాతం దాకా పోగేయొచ్చు. 3 జీబీ అందుబాటులో ఉంటే 600 ఎంబీ. మీ పెన్‌డ్రైవ్ సెకనుకు 5 ఎంబీ రాసే రకమైతే అదంతా రాయడానికి రెండు నిమిషాలు.

దీనికి శాతాలు వదిలేసి బైట్లలో హద్దు పెట్టండి. డర్టీ బైట్స్ 64 ఎంబీ, డర్టీ బ్యాక్‌గ్రౌండ్ బైట్స్ 16 ఎంబీ పెడితే కాపీ అంకె నిజం చెబుతుంది, సిస్టమ్ కూడా బిగుసుకోదు. కొన్ని వీడియోలు ఈ విలువలను ఇంకా పెంచమంటాయి. యూపీఎస్ లేని ఇంట్లో అది ప్రమాదం. టక్కున కరెంటు పోతే ర్యామ్‌లో పోగేసిన డేటా అంతా పోయినట్టే. అందులో మీ ప్రాజెక్టు రిపోర్టు కూడా ఉండొచ్చు!

డిస్క్ దగ్గర వంతులు

డిస్క్ ముందు క్యూ పెరిగినప్పుడు ఎవరి వంతు ముందో తేల్చేది ఐఓ షెడ్యూలర్. తిరిగే హార్డ్‌డిస్క్ ఉంటే బీఎఫ్‌క్యూ పెట్టి చూడండి. 2017లో 4.12 కెర్నల్‌తో వచ్చింది. వెనక అప్‌డేట్ డౌన్‌లోడ్ అవుతున్నా మీరు తెరిచిన ఫైలు వెనకబడకుండా చూస్తుంది. సాటా ఎస్ఎస్‌డీకి ఎంక్యూ డెడ్‌లైన్ చాలు.

రెంటచింతల ఎండలో..

ఎండాకాలం ఉష్ణోగ్రతల వార్తల్లో మన రెంటచింతల పేరు వినపడని ఏడాది ఉండదు. ఆ వేడిలో, ఏళ్ల దుమ్ము పట్టిన ఫ్యాన్‌తో ప్రాసెసర్ నడిస్తే అది తనను తాను కాపాడుకోడానికి వేగం తగ్గించుకుంటుంది. అప్పుడు గవర్నర్‌ని పెర్ఫార్మెన్స్‌లో పెడితే వేడి ఇంకా పెరుగుద్ది. వేగం మాత్రం రాదు. సెన్సర్స్ అనే కమాండ్‌తో వేడి చూడండి. ఎక్కువుంటే ప్లగ్ తీసేసి దుమ్ము దులపండి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన థర్మల్ పేస్టు మార్పించండి. దీనికి ఏ కెర్నల్ సెట్టింగూ సాటిరాదు.

వీటి జోలికి పోవద్దు

మిటిగేషన్స్ ఆఫ్ చేస్తే వేగం వస్తుందని కొందరు చెబుతారు. 2018 జనవరిలో బయటపడిన మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపాలకు వేసిన తలుపులు అవి. బ్యాంకు లావాదేవీలు చేసే సిస్టమ్‌లో తలుపులు పీకేసి గాలి బాగా వస్తోందని సంబరపడటం ఎందుకు? అలాగే వీఎఫ్ఎస్ క్యాష్ ప్రెజర్‌ని 0 చేయొద్దు. మెమరీ నిండినా ఆ సరుకును కెర్నల్ ఖాళీ చేయలేదు, చివరికి సిస్టమే కూలబడుద్ది.

పని ఇలా చేయండి

సిస్‌సీటీఎల్ కమాండ్‌తో మార్చిన విలువ రీస్టార్ట్ చేస్తే పోతుంది. ఇది మనకు వరం. ఏదన్నా తేడా కొడితే ఆపి ఆన్ చేస్తే చాలు, పాత లెక్కకు వచ్చేస్తుంది. ఒకసారికి ఒక్కటే మార్చండి. మళ్లీ వీఎంస్టాట్ చూడండి. పాత అంకె, కొత్త అంకె ఓ కాగితం మీద రాసుకోండి. వారం రోజులు బాగా నడిచాకే ఈటీసీలోని సిస్‌సీటీఎల్ డాట్ డీ ఫోల్డర్‌లో ఫైలు రాసి శాశ్వతం చేయండి.

లినక్స్‌కి మారే ముందు పెన్‌డ్రైవ్ నుంచే లైవ్‌గా నడిపి చూడండి, ఏదీ చెరిపేయక్కర్లేదు. ప్రింటర్, వైఫై పనిచేస్తున్నాయో లేదో తెలుస్తుంది. అను ఫాంట్లతో డీటీపీ చేసేవాళ్లు, ట్యాలీ మీద బతికే షాపులవాళ్లు మాత్రం తొందరపడొద్దు, అవి విండోస్ కోసం చేసినవి. తెలుగు టైపింగ్‌కి దిగుల్లేదు, యూనికోడ్ తెలుగు లినక్స్‌లో చక్కగా నడుస్తుంది. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ వాళ్లయితే తెలుగులోనే ఓ లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేశారు.

చివరిగా డబ్బుల లెక్క. ఇవన్నీ చేశాక కూడా ఎస్ఐ, ఎస్ఓ అంకెలు ఆగకపోతే ఇంకో 4 జీబీ ర్యామ్ వేయించండి. డబ్ల్యూఏ తగ్గకపోతే చిన్న ఎస్ఎస్‌డీ కొనండి. రెండూ కొత్త సిస్టమ్ ఖర్చులో కొద్ది భాగమే. ఏది కొనాలో షాపువాడు చెప్పక్కర్లేదు. మీరు కాగితం మీద రాసుకున్న అంకెలే చెబుతాయి.