గంపగుత్త బేరానికి బలవుతున్న దొడ్డి పండ్లు
నీడ, తూకం ఉంటేనే గిట్టుబాటు

సూళ్ళూరుపేట: శ్రీహరికోట అనగానే ఎవరికైనా రాకెట్లే గుర్తుకొస్తాయి. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న ఈ ఇసుక దీవి ఒకప్పుడు కట్టెలకూ, అడవి పండ్లకూ పెట్టింది పేరు. ఇక్కడి కట్టెలు బకింగ్‌హాం కాలువ మీద పడవల్లో మద్రాసుకు పోయేవి. పాలపండు, నేరేడు, కలివి, బలుసు, ఈతపండు యానాదులు ఏరుకుని తిని, మిగిలినవి అమ్ముకునేవారు.

1969లో ప్రభుత్వం ఈ దీవిని రాకెట్ కేంద్రానికి ఎంపిక చేసింది. 1971 అక్టోబరు 9న తొలి రోహిణి రాకెట్ ఇక్కడి నుంచి ఎగిరింది. ఇది దేశానికే గర్వకారణం. అయితే అడవి కంచె లోపలికి పోయింది. అనుమతి లేనిదే ఎవరూ అడుగుపెట్టరాదు. పండు అమ్మి నాలుగు రూపాయలు చూడాలంటే సరస్సుకు ఇవతల తడ, సూళ్ళూరుపేట, దొరవారిసత్రం వైపు గ్రామాల వారికి దొడ్లో చెట్టే దిక్కు.

దొరువే మేలు

తీరపు ఇసుకలో వాననీరు ఉప్పునీటి మీద పలుచని పొరగా తేలి ఉంటుంది. మన పెద్దలు లోతు తక్కువ దొరువులు తవ్వి కడవలతో తోడుకున్నది ఇందుకే. లోతుగా బోరు దింపి గట్టి మోటారుతో లాగితే కింది ఉప్పునీరు పైకి వస్తుంది. నిమ్మ చెట్టు దీన్ని తట్టుకోలేదు. సపోటా, రేగు చాలావరకు ఓర్చుకుంటాయి. కొత్తగా మొక్క నాటేవారు ముందు నీటిని పరీక్ష చేయించుకుని, ఆ తర్వాతే ఏ మొక్క పెట్టాలో నిర్ణయించుకోవడం మంచిది.

మధ్యాహ్నం దాటితే మారుబేరగాడిదే రాజ్యం

పండించడం ఒక ఎత్తు, అమ్ముకోవడం మరో ఎత్తు. చలికాలంలో రేగు, ఎండల్లో ముంజలు, ఆ వెనుక నేరేడు, వానల్లో సీతాఫలం వస్తాయి. వీటిలో నేరేడు రెండో రోజుకే మెత్తబడుతుంది. ఆ సంగతి మారుబేరగాడికి బాగా తెలుసు. పొద్దు వాలేదాకా ఆగి గంపగుత్తగా అడుగుతాడు. గంపలో 10 కిలోలు ఉన్నాయనుకుందాం. 400 రూపాయలకు ఇచ్చేస్తే కిలో 40 పడింది. అదే పండును కిలో 100 చొప్పున తూచి అమ్మితే, 2 కిలోలు చెడిపోయినా 800 చేతికొస్తుంది. తేడా అంతా ఎండలో కూర్చోలేకపోవడం వల్ల, తక్కెడ లేకపోవడం వల్ల వచ్చిందే.

ఈ బాధ తీర్చడానికే 1999 జనవరి 26న రాష్ట్రంలో రైతు బజార్లు మొదలయ్యాయి. రైతుకు గుర్తింపు కార్డు ఇచ్చి, కూర్చునే చోటు, తూకం సమకూర్చారు. దళారి లేడు. టోకు ధరకు మించి, చిల్లర ధరకు తగ్గి రేటు కట్టి బోర్డు మీద రాశారు. అమ్మేవారికీ కొనేవారికీ ఇద్దరికీ లాభమే. కానీ కార్డు కావాలంటే పంట పండించినట్లు రుజువు ఉండాలి. సెంటు భూమి లేని యానాది ఆడవారు, ఇంటి వెనుక రెండు చెట్లున్న పేదలు ఆ రుజువు ఎక్కడి నుంచి తెస్తారు?

రైతు బజార్లలో పొదుపు సంఘాలకు కూడా చోటిచ్చిన సంగతి మరువరాదు. పది ఇళ్ళ పండ్లు ఒక సంఘం పేరున చేరితే ఒకరు కూర్చుని అమ్మవచ్చు, మిగిలినవారు కూలి పోగొట్టుకోనక్కరలేదు. తెల్లవారుజామునే కోసి, దెబ్బ తగిలినవి వేరుచేసి, ఆకులు పరచిన తట్టలో తెస్తే పండుకు ధర పలుకుతుంది.

సంత జరిగే చోట పంచాయతీలు ఒక తాటాకు పందిరి వేసి, ముద్ర వేసిన ఒక తక్కెడ ఉంచితే ఖర్చు స్వల్పం. గంప దించుకున్న ఆడమనిషి సాయంత్రం వరకు నీడన కూర్చోగలిగితే, ధర చెప్పేది ఆమే అవుతుంది. అధికారులు, సర్పంచులు ఈ కొద్దిపాటి పనికి పూనుకోవాలి.