మెదడుకు ఆట, జేబుకు పరీక్ష

న్యూరోఫీడ్‌బ్యాక్‌తో పిల్లల ఏకాగ్రత నిజంగా పెరుగుతుందా?

పిల్లాడు కుదురుగా కూర్చోడు. చెప్పింది సగమే వింటాడు. బడి నుంచి ఫిర్యాదులు. కోల్‌కతా గార్డెన్ రీచ్‌లోని ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయంలో పనిచేసే తెలుగు ఉద్యోగైనా, విశాఖలోని ఆయన తమ్ముడైనా ఇలాంటప్పుడు మందులంటే జంకుతారు. 'మందుల్లేని చికిత్స' అనగానే న్యూరోఫీడ్‌బ్యాక్ వైపు మొగ్గుతారు.

ఇందులో తలపై ఎలక్ట్రోడ్లు అంటిస్తారు. మెదడు తరంగాలను కంప్యూటర్ ఎప్పటికప్పుడు విశ్లేషిస్తుంది. కోరుకున్న తరంగం పెరిగితే తెర మీద ఆట సాగుతుంది, తగ్గితే ఆగుతుంది. మెదడుకు కరెంటేమీ పెట్టరు. బహుమతి చూపి అలవాటు చేయడమే కిటుకు.

పద్ధతులు మాత్రం వేరు. ఏకాగ్రత లోపం (ఏడీహెచ్‌డీ) ఉన్నవారిలో నెమ్మదైన థీటా తరంగాలను తగ్గించి, వేగవంతమైన బీటాను పెంచడం ఒకటి. 12-15 హెర్ట్‌జ్‌ల 'ఎస్ఎంఆర్' తరంగాన్ని పెంచడం రెండోది. అమెరికా శాస్త్రవేత్త బారీ స్టర్మన్ 1960లలో పిల్లులపై చేసిన ప్రయోగాలే దీనికి మూలం. 1972లో ఆయన బృందం మూర్ఛ రోగిపై ఫలితాలను ప్రచురించింది. కొన్ని సెకన్ల పాటు సాగే విద్యుత్ మార్పులను అదుపు చేయడం నేర్పేది మూడోది. ఆందోళన తగ్గించడానికి కళ్లు మూయించి, శబ్దాలతో నడిపే 'ఆల్ఫా-థీటా' మరొకటి.

మరి ఫలితం? 2021లో వెలువడిన అమెరికా అధ్యయనంలో ఏడీహెచ్‌డీ ఉన్న 7-10 ఏళ్ల పిల్లలు 144 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు అసలు శిక్షణ, రెండోదానికి అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి శిక్షణ. ఎవరికి ఏది దక్కిందో తల్లిదండ్రులకూ తెలియదు. 38 విడతల తర్వాత రెండు జట్లూ బాగా మెరుగుపడ్డాయి. కానీ వాటి మధ్య తేడా లేదు! అంటే మేలు చేసింది తరంగాల శిక్షణ కాదు. క్రమం తప్పని హాజరు, పెద్దల శ్రద్ధ, నమ్మకం వంటివి కావచ్చు. 2024లో 38 ప్రయోగాలను క్రోడీకరించిన విశ్లేషణదీ దాదాపు అదే మాట. ప్రామాణిక పద్ధతుల్లో మాత్రం స్వల్ప ప్రయోజనం కనిపించింది.

కాబట్టి డబ్బు కట్టేముందు అడగండి: ఏ పద్ధతి? ఎన్ని విడతలు? మెరుగుదలను ఎవరు, దేనితో కొలుస్తారు? చికిత్స సంగతి తెలియని టీచర్ అభిప్రాయం తీసుకుంటే మరీ మంచిది. వైద్యుణ్ని అడగకుండా మందులు మాత్రం ఆపొద్దు. 'నూరు శాతం గ్యారంటీ' అంటే లేచి వచ్చేయండి.