వకాల్తా ఎవరిది? – కోడ్‌రహిత కార్యప్రవాహాలలో సామాజిక మాధ్యమ ఖాతాల అనుసంధానం

వ్యాససంగ్రహం

తెలుగు శాఖలు, సాహిత్య సంస్థలు, పరిశోధన పత్రికలు ఒకే సమాచారాన్ని పలు సామాజిక మాధ్యమాలలో విడివిడిగా ప్రకటించవలసి వస్తున్నది. ప్రోగ్రామింగ్ తెలియనివారు కూడా ఈ పనిని స్వయంచాలితం చేసుకునే సాధనాలు నేడు అందుబాటులో ఉన్నాయి. అయితే ఖాతాను ‘కలపడం’ అంటే ఏమిటో తెలియకుండా వాటిని వాడటం వల్ల చిక్కులు ఏర్పడుతున్నాయి. అనుసంధానం ప్రధానంగా అనుమతికి సంబంధించిన వ్యవహారమని, ఆ అనుమతి పరిధి, గడువు, యాజమాన్యాలను బట్టే కార్యప్రవాహం నిలబడుతుందని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: స్వయంచాలనం, నో-కోడ్, అనుమతి, ఓఆథ్, టోకెన్, యూనికోడ్

1. ప్రవేశిక

ఒక కళాశాల తెలుగు శాఖ జాతీయ సదస్సు తలపెట్టినప్పుడు ఆహ్వానపత్రం ముందుగా కళాశాల వెబ్‌సైటులో వెలువడుతుంది. తరువాత అదే పాఠాన్ని ఫేస్‌బుక్ పేజీలో ఒకసారి, ఎక్స్‌లో కుదించి మరొకసారి, టెలిగ్రామ్ చానల్‌లో ఇంకొకసారి ఎవరో ఒకరు అతికించాలి. ఆ ‘ఎవరో ఒకరు’ చాలాచోట్ల పరిశోధక విద్యార్థే. పని చిన్నదే కాని నెలనెలా సంచిక వెలువరించే పత్రికకు, వారంవారం ప్రసంగాలు ఏర్పాటుచేసే సంస్థకు అది తరగని పని. ఈ పునరుక్తిని యంత్రానికి అప్పగించడమే కార్యప్రవాహ స్వయంచాలనం.

2. చేదర్థకం, విధ్యర్థకం

ఈ రంగంలో తొలినాళ్లనుంచి ఉన్న ఇఫ్ట్ అనే సాధనం పేరుకు ‘ఇది జరిగితే అది చెయ్యి’ అనే ఆంగ్ల వాక్యమే మూలం. తెలుగు వ్యాకరణం తెలిసినవారికి ఈ నిర్మాణం కొత్తది కాదు. ‘సంచిక వెలువడితే పేజీలో ప్రకటించు’ అనే వాక్యంలో ‘వెలువడితే’ అనే చేదర్థకం ప్రేరకం, ‘ప్రకటించు’ అనే విధ్యర్థకం చర్య. 2011లో మొదలైన జాపియర్, ఇంటిగ్రోమాట్ అనే పాత పేరును 2022లో వదులుకున్న మేక్, 2019లో వచ్చిన ఎన్‌ఎయిట్‌ఎన్ మొదలైనవన్నీ ఈ వాక్యాన్నే బొమ్మలుగా, గడులుగా, వాటిని కలిపే గీతలుగా చూపుతాయి. వాడేవారు కోడ్ రాయరు. గడులను ఎంచుకొని, ఏ గడిలోని ఏ సమాచారం తరువాతి గడిలోకి పోవాలో చెబుతారు.

పత్రికల విషయంలో ప్రేరకంగా ఎక్కువగా ఉపయోగపడేది ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్. 1999లో నెట్‌స్కేప్ సంస్థలో పుట్టిన ఈ పద్ధతి పాతబడిందని అనుకుంటారు కాని దీనికి ఖాతా అక్కరలేదు, అనుమతి అక్కరలేదు. వర్డ్‌ప్రెస్, బ్లాగర్ వేదికలమీద నడిచే పత్రికలకు ఫీడ్ దానంతటదే తయారవుతుంది. సాధనం నియమిత వ్యవధిలో ఫీడ్‌ను చూసి, కొత్త వ్యాసం కనబడితే చర్య మొదలుపెడుతుంది. మరికొన్ని సేవలలో సాధనం పదేపదే తలుపు తట్టనక్కరలేదు, సమాచారమే వచ్చి తలుపు తడుతుంది. ఈ రెండో పద్ధతిని వెబ్‌హుక్ అంటారు.

ఇటువంటి కార్యప్రవాహం సాధారణంగా కొత్త ప్రకటనను పంపుతుందే తప్ప పాతదానిని దిద్దదు. పత్రసమర్పణ గడువు మారితే వెబ్‌సైటులో సవరించడం చాలదు, కొత్త ప్రకటన వెలువరించాలి.

3. తాళంచెవి, వకాల్తా

కొంతకాలం క్రితం వరకు ఒక సేవను మరొక సేవతో కలపాలంటే పాస్‌వర్డు ఇవ్వవలసి వచ్చేది. అది ఇంటి తాళంచెవి ఇవ్వడం వంటిది. చెవి ఉన్నవారు ముందుగదికే పరిమితమవుతారన్న భరోసా లేదు. ట్విటర్ 2010 ఆగస్టులో ఈ పద్ధతికి స్వస్తి చెప్పి ఓఆథ్ విధానానికి మారింది. ఆ విధానపు రెండో రూపం 2012 అక్టోబరులో ప్రమాణంగా వెలువడింది. నేడు ప్రధాన మాధ్యమాలలో అధికశాతం అనుసరిస్తున్నది దానినే.

ఓఆథ్‌ను అర్థం చేసుకోవడానికి న్యాయస్థానాల్లోని వకాల్తా దగ్గరి పోలిక. కక్షిదారు న్యాయవాదికి తన ఆస్తి ఇవ్వడు, ఒక వ్యాజ్యంలో తన తరఫున మాట్లాడే అధికారం మాత్రం రాసిస్తాడు. అలాగే జాపియర్‌లో ‘ఖాతా కలుపు’ అని నొక్కగానే తెర ఫేస్‌బుక్‌కు మారుతుంది. పాస్‌వర్డు ఇచ్చేది ఫేస్‌బుక్‌కే. ‘ఈ సాధనం మీ పేజీలను చూడవచ్చునా, వాటిలో ప్రకటనలు పెట్టవచ్చునా’ అని ఫేస్‌బుక్ అడుగుతుంది. అంగీకరించగానే టోకెన్ అనే అధికారపత్రం సాధనానికి చేరుతుంది. ఆ తరువాత సాధనం ప్రతి పనికీ ఆ పత్రాన్నే చూపుతుంది.

వకాల్తాలో లాగానే ఇందులోనూ చూడవలసినవి మూడు: ఏ పనికి ఇచ్చారు, ఎంతకాలానికి ఇచ్చారు, ఎవరు ఇచ్చారు. అనుమతుల జాబితాను చదవకుండా అంగీకరించే అలవాటు మొదటిదానిని మింగేస్తున్నది. పేజీలో ప్రకటన పెట్టవలసిన సాధనం సందేశాలు చదివే అనుమతి కూడా అడిగితే, అక్కడ ఆగి ఎందుకని ప్రశ్నించుకోవాలి. గడువు సంగతి చాలామందికి పని ఆగినప్పుడే తెలుస్తుంది. లింక్‌డ్‌ఇన్ టోకెన్ సాధారణంగా 60 రోజులు చెల్లుతుంది. కొన్ని సేవలలో సాధనమే టోకెన్‌ను పునరుద్ధరించుకుంటుంది, కొన్నింటిలో మనిషి మళ్లీ ప్రవేశించి అంగీకరించాలి. రెండు నెలలు చక్కగా నడిచిన ప్రవాహం చప్పుడు లేకుండా ఆగిపోవడానికి తరచుగా ఇదే కారణం.

టెలిగ్రామ్ మార్గం వేరు. అక్కడ బాట్‌ఫాదర్ అనే అధికారిక బాట్ ద్వారా కొత్త బాట్‌ను సృష్టించి, దానిని చానల్‌కు నిర్వాహకునిగా చేర్చాలి. బాట్‌ను సృష్టించినప్పుడు లభించే టోకెన్ ఒక పొడవైన అక్షరమాల. అది ఎవరి చేతిలో ఉంటే బాట్ వారి అధీనంలో ఉన్నట్లే. వాట్సాప్ సమూహంలో ఆ టోకెన్‌ను పంచుకోవడం పాస్‌వర్డును గోడమీద రాయడమే.

4. మాధ్యమం మాట మార్చితే

అనుమతి ఇచ్చేది ఖాతాదారు అయినా, ఏ అనుమతులు ఉండాలో నిర్ణయించేది మాధ్యమం. 2012 సెప్టెంబరులో ట్విటర్ కొత్త షరతుల ఫలితంగా ఇఫ్ట్ తన ట్విటర్ ప్రేరకాలను ఉపసంహరించుకోవలసి వచ్చింది. 2018 మార్చిలో కేంబ్రిడ్జ్ అనలిటికా ఉదంతం బయటపడిన తరువాత ఫేస్‌బుక్ అనుమతులను బిగించింది. ఆ ఏడాది ఆగస్టు 1 నుంచి బయటి సాధనాలు వ్యక్తిగత ప్రొఫైల్‌లో స్వయంగా ప్రకటనలు పెట్టే వీలు తొలగింది, పేజీలకు మాత్రం మిగిలింది. నేటికీ కొందరు ఆచార్యులు తమ వ్యక్తిగత ఖాతాను కలపబోయి, అది జాబితాలో కనబడక సాధనాన్ని తప్పుపడతారు. తప్పు సాధనానిది కాదు. ఇన్‌స్టాగ్రామ్‌లోనూ ఇదే రీతి: అధికారిక మార్గంలో ప్రచురణకు వృత్తిపర ఖాతా ఉండాలి. 2023 ఫిబ్రవరిలో ట్విటర్ ఉచిత ప్రవేశాన్ని ముగిస్తున్నట్లు ప్రకటించినప్పుడు దానిమీద ఆధారపడిన అనేక చిన్న బాట్‌లు మూతబడ్డాయి.

అనుమతి లేని దొడ్డిదారులు కూడా ఉన్నాయి. వ్యక్తిగత వాట్సాప్ ఖాతాను బ్రౌజర్ ద్వారా నడిపించి సమూహాలకు సందేశాలు పంపే సాధనాలు అటువంటివే. అవి సంస్థ నియమాలకు విరుద్ధం, ఖాతా నిషేధానికి గురికావచ్చు. శాఖలోని పరిశోధకులందరూ ఉన్న నంబరును ఈ ప్రయోగానికి పణంగా పెట్టడం అవివేకం.

5. తెలుగు లిపి దగ్గర

ఆంగ్లాన్ని దృష్టిలో ఉంచుకొని రూపొందిన గడులలో తెలుగు పాఠం ప్రవహించినప్పుడు కొన్ని ప్రత్యేక సమస్యలు తలెత్తుతాయి. ఎక్స్‌లో సాధారణ ఖాతాకు పరిమితి 280. అయితే అక్కడ లెక్కించేది మనం పలికే అక్షరాలను కాదు, యూనికోడ్ సంకేతాలను. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం. యంత్రానికి స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం కలిసి ఆరు. కాబట్టి సంయుక్తాక్షరాలు నిండిన వ్యాసశీర్షిక కంటికి కనబడేదానికన్నా ఎంతో పొడవైనది. లింకు ఎంత పొడవున్నా 23గానే లెక్కకు వస్తుంది.

పాఠాన్ని నిర్ణీత సంఖ్య దగ్గర కత్తిరించే గడిని వాడినప్పుడు ఈ తేడా బయటపడుతుంది. ‘శాస్త్రి’లో ఎనిమిది సంకేతాలున్నాయి. ఐదింటి దగ్గర కోస్తే మిగిలేది ‘శాస్త’. నాలుగింటి దగ్గర కోస్తే ‘శాస్’. కవి పేరు సగంలో తెగి ప్రకటన వెలువడుతుంది. సంఖ్యతో కత్తిరించే బదులు, ప్రకటనకోసం ప్రత్యేకంగా ఒక చిన్న శీర్షికను ముందే రాసి పెట్టుకోవడం మేలు.

అను వంటి పాత ఫాంట్లలో అక్షరకూర్పు జరిగిన పాఠం మరింత ఇబ్బంది పెడుతుంది. అది పేజీమేకర్‌లో తెలుగుగా కనబడినా లోపల ఉన్నది లాటిన్ సంకేతాలే. యూనికోడ్‌లోకి మార్చకుండా వెబ్‌సైటులో అతికిస్తే ఫీడ్ ద్వారా అన్ని మాధ్యమాలకూ అర్థంకాని గుర్తుల వరుసే చేరుతుంది. చేతితో అతికించేటప్పుడు ఈ లోపం ఒకచోట కంటబడి ఆగేది, ఇప్పుడు ఒకేసారి నాలుగుచోట్ల వెలువడుతుంది.

6. ఎవరి పేరుమీద?

పైన చెప్పిన మూడు ప్రశ్నలలో విద్యాసంస్థలు అందరికన్నా ఎక్కువగా ఉపేక్షించేది చివరిది. ఫేస్‌బుక్ పేజీ సంస్థదే అయినా దానికి సంబంధించిన టోకెన్ సాధారణంగా ఒక వ్యక్తి ఖాతా ద్వారానే లభిస్తుంది. ఆ అధ్యాపకుడు పేజీ బాధ్యతలనుంచి తప్పుకుంటే ఆ టోకెన్ చెల్లదు. దీనికి విలోమస్థితి మరింత ప్రమాదకరం. సిద్ధాంతగ్రంథం సమర్పించి వెళ్లిపోయిన పరిశోధకుని సొంత జాపియర్ ఖాతాలో శాఖ పేజీ అనుమతి ఏళ్ల తరబడి సజీవంగా ఉండిపోవచ్చు. అతనికి దురుద్దేశం లేకపోయినా, అతని ఖాతా మరొకరి చేజిక్కితే శాఖ పేరుమీద ఏ ప్రకటనైనా వెలువడవచ్చు.

అందువల్ల స్వయంచాలన సాధనంలో ఖాతాను శాఖ అధికారిక ఈమెయిల్‌తో తెరవాలి. పేజీకి కనీసం ఇద్దరు నిర్వాహకులుండాలి. ఏ సాధనానికి ఏ మాధ్యమంలో ఏ అనుమతిని ఎవరు, ఏ తేదీన ఇచ్చారో ఒక పట్టికలో నమోదు చేసి, బాధ్యతలు మారినప్పుడు హాజరుపట్టీలతో పాటు దానినీ అప్పగించాలి. పాస్‌వర్డు మార్చినంతమాత్రాన పాత టోకెన్లు అన్నిచోట్లా రద్దు కావు. మాధ్యమపు సెట్టింగులలో అనుసంధానిత యాప్‌ల జాబితాను తెరిచి, అక్కరలేని సాధనాన్ని పేరుపేరునా తొలగించాలి. టెలిగ్రామ్ విషయంలో బాట్‌ఫాదర్ దగ్గర పాత టోకెన్‌ను రద్దుచేసి కొత్తది తీసుకొని, దానిని కార్యప్రవాహంలో పాతదాని స్థానంలో నమోదు చేయాలి.