బడి రోజున వచ్చే కడుపునొప్పి

మీ ఇంట్లో బడికి వెళ్ళే పిల్లలుంటే ఈ వారం మాటలు కాస్త నిదానంగా చదవండి. ముందు నా పొరపాటే చెబుతాను.

బళ్ళారిలోని మా దవాఖానాకు ఒక తల్లి తన పదమూడేళ్ళ కూతుర్ని తీసుకొచ్చింది. ఆ పిల్ల ఏడు వరకు ఉర్దూ మీడియంలో చదివి, ఎనిమిదిలో ఇంగ్లీషు మీడియంలో చేరింది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. "హకీంసాబ్, పొద్దున లేస్తే చాలు, బొడ్డు చుట్టూ నొప్పి అంటుంది. టిఫిను ముట్టదు. రెండుసార్లు వాంతి కూడా అయింది" అంది తల్లి. నాలుక చూశాను, కడుపు నొక్కి చూశాను. అజీర్ణం అనుకుని జవారిష్ కమూనీ ఇచ్చాను, భోజనం తర్వాత సోంపు అర్ఖ్ తాగమన్నాను. ఇలా మూడు వారాలు. నలభై ఏళ్ళుగా నాడి చూస్తున్నవాణ్ణి, ఒక్క మాట అడగడం మరిచాను: ఆదివారం కూడా నొస్తుందా అని.

దసరా సెలవుల్లో నొప్పి లేదు. బడి తెరిచిన రోజే మళ్ళీ వచ్చింది. అప్పటికి గాని నాకు తెలివి రాలేదు.

ఇబ్నె సీనా (980–1037) తన 'అల్ ఖానూన్'లో ఒక ఉపాయం రాశారు. మనసులో ప్రేమ దాచుకుని జబ్బుపడ్డవాడి నాడి పట్టుకుని, ఒక్కొక్క పేరే పలుకుతూ, ఏ పేరు దగ్గర నాడి మారుతుందో చూడమన్నారు. ప్రేమకు పనికొచ్చింది భయానికి పనికిరాదా అని నేనూ అదే చేశాను. చేయి పట్టుకుని కబుర్లలాగా పాఠాల పేర్లు చెబుతూ పోయాను. కన్నడం, సైన్సు అన్నప్పుడు నాడి మామూలుగానే నడిచింది. లెక్కలు అనగానే వేళ్ళ కింద పరుగెత్తింది. నాడి మనసులో మాట చెప్పదు లెండి. ఎక్కడ అడగాలో చూపిస్తుంది, అంతే. అడిగాను.

తక్కువ వచ్చినవాళ్ళ మార్కులు టీచరు క్లాసులో గట్టిగా చదువుతారట, అందరూ నవ్వుతారట. ఇది సగమే. మిగతా సగం చెప్పే ముందు పిల్ల చాలాసేపు ఏడ్చింది. ఒక రాత్రి పెదనాన్న వాళ్ళ నాన్నతో అంటున్న మాట లోపలి గదిలోంచి విన్నదట: "మార్కులు ఇట్లే వస్తే పది వరకు చదివింది చాల్లే, సంబంధం చూద్దాం." నాన్న ఏమీ అనలేదు. ఆ ఊరుకోవడాన్ని పిల్ల ఒప్పుకోవడంగా తీసుకుంది. ఆనాటి నుంచి లెక్కల పరీక్ష అంటే తన చదువు మొత్తానికే ముప్పు.

మీ పిల్లలు ఇలా నొప్పి అంటే "నాటకాలాడుతోంది" అనకండి. ఆ నొప్పి నిజంగానే వస్తుంది. భయం కలిగితే ఒంట్లో అడ్రినలిన్ విడుదలవుతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది, పేగులకు వెళ్ళే రక్తం తగ్గుతుంది, వాటి కదలిక లయ తప్పుతుంది. మెదడుకూ పేగులకూ మధ్య నరాల దారి ఉంది. పిల్లల్లో ఆ దారి తొందరగా పలుకుతుంది. మన తిబ్బు కూడా మనసును ఒంటి నుంచి వేరు చేయలేదు. ఆరోగ్యానికి తప్పనిసరైన ఆరింటిలో, అంటే అస్బాబె సిత్తా జరూరియాలో, గాలి, ఆహారం, నిద్రలతో పాటు మనసు కదలికనూ మనసు విశ్రాంతినీ లెక్కపెట్టారు. పిల్లలకు తీవ్రమైన కోపం, భయం, దుఃఖం, నిద్రలేమి కలగనివ్వవద్దనీ, ఆరేళ్ళప్పుడు గురువుకు అప్పగించినా ఒక్కసారిగా పుస్తకాలకు కట్టేయవద్దనీ ఇబ్నె సీనా వెయ్యేళ్ళ కిందటే రాశారు. మనం మూడేళ్ళకే యూనిఫారం కుట్టిస్తున్నాం.

అలాగని ప్రతి నొప్పినీ భయం ఖాతాలో వేయకూడదు. రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి, బొడ్డుకు దూరంగా ఒకేచోట ఉండే నొప్పి, జ్వరం, బరువు తగ్గడం, మలంలో రక్తం, పచ్చటి వాంతి, వీటిలో ఏది ఉన్నా నా దగ్గరకు కాదు, ముందు ఆస్పత్రికి వెళ్ళండి.

భయం అందరిలో ఒకేలా కనిపించదు. చిన్నపిల్లలు మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలుపెడతారు. మగపిల్లల్లో తరచు అది కోపంగా బయటికొస్తుంది. తలుపు వేసుకోవడం, తమ్ముడిని కొట్టడం, అర్ధరాత్రి వరకు ఫోను. "పొగరు పెరిగింది" అంటాం మనం. 2015–16లో నిమ్హాన్స్ ఆధ్వర్యాన జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13–17 ఏళ్ళవారిలో నూటికి 7.3 మందికి మానసిక సమస్య ఉందని తేలింది. అంటే నలభై మంది ఉన్న తరగతిలో దాదాపు ముగ్గురు.

మందుల సంగతికి వస్తాను. నా దగ్గరకు వచ్చే తల్లులు సీసా చేతిలో పడందే కదలరు. ఖమీరా గావ్‌జబాన్ మెదడుకు బలమని మన ఇళ్ళలో పేరు. అందులో పాకం ఎక్కువ, చదువు భయాన్ని అది తీసేయదు. అంబరు, భస్మాలు చేరిన ఖరీదైన ఖమీరాలు సొంతంగా కొని పిల్లలకు పెట్టకండి. ఇంకొక మాట గట్టిగా చెబుతున్నాను. పెద్దవాళ్ళ బీపీకి వాడే అస్రోల్, అంటే సర్పగంధ మాత్రలు, "నిద్ర పడుతుంది" అని పిల్లలకు వేయకండి. అది బీపీని దించుతుంది, దిగులును పెంచగలదు. నజర్ అని తావీజు కట్టించుకున్నవాళ్ళతో నేను వాదించను. కట్టాక పిల్లను కూర్చోబెట్టుకుని మాట్లాడితే చాలు.

నిద్ర మాత్రం మందులాంటిదే. పన్నెండేళ్ళ లోపు బడి పిల్లలకు 9 నుంచి 12 గంటలు, పదమూడు దాటినవారికి 8 నుంచి 10 గంటలు కావాలి. మగ్రిబ్ తర్వాత టీ, కాఫీ ఇవ్వకండి. ఫోను పెద్దవాళ్ళ గదిలో ఉండాలి, మీది కూడా. ట్యూషను, అరబీ పాఠం, హోంవర్కు అయ్యాక ఆటకు గంటయినా మిగలకపోతే వాటిలో ఒకటి తగ్గించండి.

బడిలో అవమానిస్తుంటే ఊరుకోనక్కర్లేదు. 2009 నాటి విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధిస్తుంది. ముందు మర్యాదగా హెడ్మాస్టరుతో మాట్లాడండి.

"చచ్చిపోవాలనిపిస్తోంది" అని పిల్ల అన్నా, చేతులు కోసుకున్నా, తిండీ స్నేహితులూ వదిలేసినా, అది హకీం దగ్గర ఆగే పని కాదు. మానసిక వైద్యుడిని కలవండి. ఒంటరిగా వదలకండి. "అలాంటి ఆలోచన వస్తోందా?" అని మీరే అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. 2022లో మొదలైన ప్రభుత్వ టెలీ మానస్‌కు 14416 నంబరుకు ఏ రాష్ట్రం నుంచైనా ఉచితంగా ఫోను చేయవచ్చు.

ఆ పిల్ల తండ్రిని పిలిపించాను. కూతురు విన్న మాట ఆయనకు గుర్తు కూడా లేదు. "అన్నకు ఎదురు చెప్పలేక ఊరుకున్నాను హకీంసాబ్" అన్నాడు. ఆ మాట నాకు కాదు, బిడ్డకు చెప్పమన్నాను. అక్కడే చెప్పాడు, నువ్వు ఎంతవరకు చదివితే అంతవరకు చదివిస్తానని. రెండు నెలల్లో నొప్పి బాగా తగ్గింది. లెక్కల పరీక్ష పొద్దున మాత్రం ఇప్పటికీ కొంచెం వస్తుంది. ఆ రోజు ఇడ్లీ ఒకటే తిని వెళుతుంది.

మీ పిల్లలకు ఇలాంటిదేమైనా ఉంటే గోడ మీది క్యాలెండర్లో నొప్పి వచ్చిన రోజు పక్కన చుక్క పెడుతూ రండి. నాలుగు వారాలయ్యాక ఆ క్యాలెండరుతో సహా ఏ వైద్యుడి దగ్గరకైనా వెళ్ళండి. మా దవాఖానాకే వస్తే తలుపు తెరిచే ఉంటుంది, మీరు మాత్రం కాసేపు మాట వినపడనంత దూరంలో బయట బెంచీ మీద కూర్చోవాలి.