ఇంజను గొంతులో మసి పొర

వరికోతల కాలమున వేములపల్లి నుండి మిర్యాలగూడకు పోవు దారిలో ధాన్యపు బస్తాలు నింపుకొన్న బండ్లు సాగిపోవుచుండును. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీటితో పండిన ధాన్యము మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు చేరవలెను గదా! వానిలో ఏదో ఒక చిన్న పెట్రోలు ట్రక్కు మిల్లు ముందు వరుసలో నిలిచినప్పుడు వింతగా ప్రవర్తించును. దారిలో చక్కగా పరుగెత్తిన ఇంజను నిలిచినచోట వణకును, చప్పుడు హెచ్చును, తగ్గును, తుదకు ఆగిపోవును. ఎక్సిలరేటరును కొంచెము తొక్కిపట్టినచో మరల బాగుగనే తిరుగును. పరుగులో కానరాని రోగము విశ్రాంతిలో ఏల కనబడుచున్నది? ఇది తెలియక కొందరు ఖరీదైన భాగములను మార్పింతురు. బరువుతోనున్న బండి కూడలి నడుమ ఆగిపోయినచో ప్రమాదము కూడ కలదు.

ఇంజను ఎట్లు ఊపిరి పీల్చును?

పెట్రోలు ఇంజనులో 1 కిలోగ్రాము పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 కిలోగ్రాముల గాలి కావలెను. గాలిని హెచ్చించియు తగ్గించియు ఇంజను శక్తిని అదుపు చేయుదురు. ఈ పని చేయునది థ్రాటిల్ బాడీ. ఇది ఒక లోహపు గొట్టము. దానిలో ఇరుసుపై తిరుగు గుండ్రని పలుచని బిళ్ళ యుండును. మెకానిక్కులు దీనిని బటర్‌ఫ్లై వాల్వు అందురు. ఎక్సిలరేటరు తొక్కిన బిళ్ళ తెరచుకొనును. వదలిన దాదాపుగా మూసికొనును. మన గొంతు వంటిదే ఇది.

పాత డీజిలు లారీలలో పెక్కింటికి ఇట్టి అడ్డు లేదు. వానిలో గాలి స్వేచ్ఛగా పోవును, ఇంధనమునే కొలిచి పంపుదురు. 2020 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న బి.ఎస్. 6 నియమముల ప్రకారము తయారైన డీజిలు బండ్లలో గాలి బిళ్ళ ఉండవచ్చును గాని, దాని ముఖ్యమైన పని పొగ శుద్ధికి సంబంధించినది. కావున మనము చెప్పుకొనుచున్నది పెట్రోలు బండిని గురించి.

కొంచెము లెక్క

800 ఘన సెంటీమీటర్ల ఇంజనును తీసికొందము. నాలుగు స్ట్రోకుల ఇంజను రెండు చుట్లకు ఒకసారి గాలిని నింపుకొనును. నిమిషమునకు 4000 చుట్లతో, బిళ్ళ పూర్తిగా తెరచియుండగా, అది సుమారు 1600 లీటర్ల గాలిని పీల్చును. నిలిచియున్నప్పుడు 800 చుట్లే తిరుగును. అప్పుడు లోపలి పీడనము వాతావరణ పీడనములో సుమారు మూడవ వంతు మాత్రమే గనుక, బయటి గాలి 107 లీటర్లు చాలును. అనగా పదునైదవ వంతు.

ఈ గాలి ఎంత సందులోనుండి పోవును? గొట్టపు వ్యాసము 40 మిల్లీమీటర్లైనచో వైశాల్యము దాదాపు 1250 చదరపు మిల్లీమీటర్లు. విశ్రాంతిలో కావలసినది సుమారు 10 చదరపు మిల్లీమీటర్లే. దానిని బిళ్ళ అంచు చుట్టును పరచినచో సందు వెడల్పు 0.08 మిల్లీమీటరు, నోటు పుస్తకములోని కాగితమంత! లోపలి పీడనము అంత తక్కువగుటచే ఆ సందులో గాలి దాదాపు ధ్వని వేగముతో దూకును.

ఇప్పుడు గొట్టపు గోడపైనను, బిళ్ళ అంచునను 0.02 మిల్లీమీటరు చొప్పున మసి పట్టినదనుకొనుడు. సందులో సగము మూసికొనిపోవును. పూర్తిగా తెరచినప్పుడో, గోడపై నున్న అదే పొర వైశాల్యమును వెయ్యింట రెండు పాళ్ళు మాత్రమే తగ్గించును. రోగము విశ్రాంతిలోనే బయటపడుటకు కారణమిదియే.

మసి ఎక్కడిది?

ఇంజను అడుగుభాగమున లేచు నూనె ఆవిరులను బయటికి వదలక తిరిగి గాలిదారిలోనికే పంపుదురు. అవి చల్లబడి జిగురుగా అంటుకొనును. వడపోతను దాటి వచ్చిన సన్నని దుమ్ము ఆ జిగురును పట్టుకొనును. ఇంజనును నడపు చిన్న కంప్యూటరు సందు తగ్గినకొలది బిళ్ళను మరికొంత తెరచుచు చాలకాలము సర్దుకొనును. ఆ సర్దుబాటు హద్దు దాటినప్పుడే వణకు మొదలగును.

శుభ్రము చేయు విధము

ఇంజను చల్లారిన పిదప, గాలి ఆడుచోట, నిప్పు దరిలేకుండ పని చేయవలెను. తాళము తీసి, బ్యాటరీ నెగటివ్ తీగను విప్పి, గాలి గొట్టమును ఊడదీయవలెను. థ్రాటిల్ బాడీకై అమ్ము ద్రవమును పోగులు రాలని మెత్తని గుడ్డపై చల్లి, గోడను, అంచును తుడువవలెను. కత్తితో గీకరాదు; గరుకు కాగితముతో రుద్దరాదు; సందు వెడల్పు మారిపోవును. కొన్నిటిపై రక్షణపు పూత కూడ ఉండును. విద్యుత్ మోటారుతో తిరుగు బిళ్ళను వ్రేలితో బలవంతముగా త్రోయరాదు. ద్రవము మోటారులోనికి దిగరాదు. పెట్రోలుతో కడుగుట అగ్నిప్రమాదమును పిలుచుటయే.

శుభ్రము చేసిన వెంటనే ఇంజను వేగము హెచ్చినచో భయపడరాదు. కంప్యూటరు ఇంకను పాత మసికి తగినట్లు బిళ్ళను తెరచుచున్నది. తయారీదారు పుస్తకములో చెప్పినట్లు కొంతసేపు నడపిన అది కొత్త కొలతను నేర్చుకొనును. అప్పటికిని వణకు పోనిచో స్పార్కు ప్లగ్గులను, గాలి గొట్టముల పగుళ్ళను పరీక్షింపవలెను.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో సులువుగా చూపవచ్చును. విద్యార్థి పానీయపు గొట్టమును నోట పట్టుకొని ఊపిరి పీల్చవలెను. తరువాత దాని కొనను వ్రేళ్ళతో సన్నగా నొక్కి పీల్చవలెను. తెరచిన గొట్టమునకు లెక్కలేని కొద్దిపాటి ఒత్తిడి, నొక్కిన గొట్టమున ఊపిరినే ఆపును. ఒక లోపము చిన్నదో పెద్దదో దాని కొలతను బట్టి మాత్రమే నిర్ణయింపరాదు. అది ఎంత సందులో ఉన్నదో కూడ చూడవలెను.