అద్దెలో పాలు

స్త్రీధన మనగా నేమో విజ్ఞానేశ్వరుడు మితాక్షరయందు విపులముగా చర్చించెను. 1956వ సంవత్సరపు వారసత్వ చట్టము హిందూ స్త్రీని తన సొత్తునకు సంపూర్ణ స్వామినిగా జేసినది. హక్కు లభించెను గాని, ఆ సొమ్ము నెచ్చట నుంచవలయునను విచారము నేటికిని పెక్కిండ్లలో పురుషులకే విడువబడుచున్నది. చీటీ పాడిన డబ్బు చేతికి రాగానే “ఒక స్థలము కొనుము” అనువారే కాని, దానిని కాపాడువా రెవరని యడుగువారు లేరు.

ఇల్లు అద్దె కిచ్చుటలోని బాధ మే మెరుగుదుము. కుళాయి కారినను, అద్దె బాకీ పడినను యజమానురాలే పరుగెత్తవలయును. పలువురు కలిసి యొక పెద్ద కట్టడమును గొని, దాని నిర్వాహమును నేర్పరుల కప్పగించి, అద్దెలో తమ పాలు తాము గొనుట యొక యుపాయము. అమెరికాలో దీనిని సిండికేషను అందురు. మన దేశమున దీనికి దగ్గరి రూపము రీట్ అను ట్రస్టు. సెబీవారు 2014లో దీనికి నిబంధనలు చేసిరి. 2019లో ఎంబసీవారి రీట్ మొట్టమొదట స్టాకు ఎక్స్ఛేంజి కెక్కెను. 2020లో వచ్చిన మైండ్‌స్పేస్ రీట్ ఆస్తులలో మన మాదాపురపు కార్యాలయ భవనములును జేరియున్నవి. ఆ త్రోవను నిత్యము పోవు చెల్లెండ్రకు ఆ అద్దెలో తమకును పాలు దొరకునని తోచియుండునా!

ఇందు ధర్మకర్త యొకరు, నిర్వాహకు లింకొకరు. ఆస్తిలో నూటికి 80 పాళ్లకు తక్కువ గాకుండ, పూర్తియై అద్దె వచ్చుచున్న కట్టడములందే యుండవలెను. పంచదగిన ధనములో నూటికి 90 పాళ్లైనను ఆరు నెలల కొకసారి పంచవలెను. మొదట రెండు లక్షలు లేనిదే ప్రవేశము లేకుండెను. 2021లో దానిని పది పదునైదు వేలకు తగ్గించిరి. ఎక్స్ఛేంజిలో నైనచో ఒక్క యూనిటును గొనవచ్చును. 2024లో 50 మొదలు 500 కోట్ల ఆస్తులకు చిన్న రీట్‌ల నేర్పరచిరి గాని, వానికి పది లక్షలు కావలెను. సామాన్య గృహిణికి అది మొదటి మెట్టు కాదని మా తలంపు.

యూనిటు వెల పెరుగును, తరుగును. అద్దె కున్నవా రెవరు, కౌలు గడు వింక నెన్నేండ్లు, ఖాళీ యెంత, అప్పెంత అని ముందుగా విచారింపవలెను. అప్పు ఆస్తి విలువలో నూటికి 49 మించరాదని నిబంధన. ఆ యెల్లకు చేరువైనదానికి మేము దూరముగనే యుందుము.

ఇక మిక్కిలి భయపడవలసినది వేరొకటి కలదు. పునాదియైన త్రవ్వక మునుపే “ప్రీలాంచ్” అనియు, విభజింపని వాటా యనియు, నెలకింత అద్దె రూఢియనియు జెప్పి సొమ్ము గొనువారు కలరు. ఇట్లు హైదరాబాదు పరిసరములందు సొమ్ము చిక్కుకొని, ఇల్లును లేక, ధనమును రాక వగచుచున్న కుటుంబము లున్నవి. 2016వ సంవత్సరపు రెరా చట్టము ననుసరించి, మిక్కిలి చిన్నవి తప్ప, నమోదు కానిదే ఏ కట్టడమును ప్రకటింపనురాదు, అమ్మనురాదు. బంధువే వచ్చి చెప్పినను రెరా సంఖ్య యడుగుటకు మొగమాట మెందులకు?

రీట్ యూనిట్లు కొనుటకు పాను కార్డు, బ్యాంకు ఖాతా, డీమాటు ఖాతా కావలెను. ఖాతాను మీ పేరనే తెరువుడు. పంపకపు సొమ్ము రాగానే యది యంతయు లాభమని మురియకుడు. అందు వడ్డీ, డివిడెండులతోపాటు అసలు మరలివచ్చిన భాగమును ఉండవచ్చును. ఏది యెంతో తెలుపు పత్రము వచ్చును. దానిని మీ యింటివారికి చూపుటకు ముందు మీరే చదువుడు.