పాస్‌వర్డ్ సరైనదే, అయినా డేటాబేస్ తెరుచుకోవడం లేదా?

సభ్యుల చిరునామాలు, తెలుగు తరగతులకు వచ్చే పిల్లల జాబితా, చందాల లెక్క... ఒకప్పుడు ఇవన్నీ మన పెద్దల చేతిరాత రిజిస్టర్లలో ఉండేవి. ఇప్పుడు కంప్యూటర్‌లోకి ఎక్కుతున్నాయి. మేమూ ఆఫీసు కంప్యూటర్‌లో మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ పెట్టుకున్నాం. ఆ కంప్యూటర్‌లో బాగానే తెరుచుకుంది. పక్క గదిలోని ల్యాప్‌టాప్ నుంచి మాత్రం ‘యాక్సెస్ డినైడ్’ అంది. పాస్‌వర్డ్ మూడుసార్లు మార్చాం, ఫలితం లేదు. తప్పు పాస్‌వర్డ్‌ది కాదని తెలిసేసరికి ఒక ఆదివారం గడిచిపోయింది. ఆ తిప్పలు మీకు ఉండకూడదని ఈ నాలుగు మాటలు.

ముందు నంబరు చూడండి

తెరమీద వచ్చే నంబరే సగం జవాబు చెబుతుంది.

2003 వస్తే మన పిలుపు సర్వర్‌దాకా చేరలేదు. పాస్‌వర్డ్ జోలికి పోవద్దు. సర్వర్ నడుస్తోందా, ఫైర్‌వాల్ 3306 పోర్టును అడ్డుకుంటోందా, సెట్టింగుల్లో బైండ్ అడ్రస్ 127.0.0.1 అని ఉందా అన్నవి చూడాలి. అలా ఉంటే సర్వర్ తన సొంత కంప్యూటర్ మాటే వింటుంది.

1130 వస్తే పిలుపు చేరింది కానీ, ఆ యంత్రం నుంచి ఎవరికీ అనుమతి లేదు.

1045 వస్తే పేరు, పాస్‌వర్డ్, యంత్రం ఈ మూడింటిలో ఏదో కుదరలేదు. సందేశం చివర ‘యూజింగ్ పాస్‌వర్డ్: నో’ అని ఉంటే, మన ప్రోగ్రామ్ అసలు పాస్‌వర్డే పంపలేదు.

1044 వస్తే లోపలికి వెళ్లాం కానీ, ఆ డేటాబేస్‌పై హక్కు ఇవ్వలేదు.

మా తప్పు ఎక్కడుంది?

మైఎస్‌క్యూఎల్‌లో ఖాతా అంటే పేరొక్కటే కాదు, పేరూ ఎక్కడి నుంచి వస్తున్నారన్నదీ కలిపి ఒక ఖాతా. ఒకే పేరు ‘లోకల్‌హోస్ట్’తో ఉంటే ఒక ఖాతా, ల్యాప్‌టాప్ అడ్రస్‌తో ఉంటే ఇంకొకటి. రెండింటికీ పాస్‌వర్డ్‌లు వేరుగా ఉండవచ్చు. మేము మొదటిదే సృష్టించి, దాని పాస్‌వర్డే మళ్లీ మళ్లీ మార్చాం. ల్యాప్‌టాప్ అడ్రస్‌తో రెండో ఖాతా చేయగానే పని అయింది.

ఒక జాగ్రత్త: రౌటర్ ఆపి వేస్తే ల్యాప్‌టాప్ అడ్రస్ మారవచ్చు. అందుకే రౌటర్‌లో దానికి స్థిరమైన అడ్రస్ కేటాయించుకోవాలి.

పాత ప్రోగ్రాములతో చిక్కు

2018లో వచ్చిన 8.0 వెర్షన్ నుంచి పాస్‌వర్డ్ సరిచూసే పద్ధతి మారింది. పాత ప్రోగ్రాములకు అది తెలియక, 2059 వంటి నంబరు చూపి ఆగిపోతాయి. సర్వర్‌ను వెనక్కి తిప్పడం కన్నా ఆ ప్రోగ్రామ్‌ను కొత్తది చేసుకోవడమే మేలు. 2024లో వచ్చిన 9.0లో పాత పద్ధతిని పూర్తిగా తీసేశారు.

ఇది మాత్రం చేయకండి

విసిగిపోయి, ‘రూట్’ ఖాతాకు అన్ని అడ్రస్‌ల నుంచీ అనుమతి ఇచ్చి, పోర్టును ఇంటర్నెట్‌కు తెరిచేసే వారున్నారు. సమస్య అప్పటికి తీరినట్టే ఉంటుంది. కానీ ఆ జాబితాలో ఉన్నవి మన ఇళ్ల ఫోన్ నంబర్లు, మన పిల్లల పేర్లు. పని చేసే ఒక్కొక్కరికీ వేరే ఖాతా, అవసరమైనంత హక్కు మాత్రమే ఇద్దాం. ఎవరైనా బాధ్యత వదిలితే ఆ ఒక్క ఖాతా తీసేస్తే సరిపోతుంది. మనల్ని నమ్మి వివరాలిచ్చిన కుటుంబాలకు ఆ మాత్రం భద్రత మన బాధ్యత.